చిన్న విమానంలో అమ్మాయితో కాలేజీ చూసి రావడం: ఒక్క రోజులో పర్డ్యూ, ఇల్లినాయ్ యూనివర్సిటీలు

షికాగో శివార్లలో ఉండే తెలుగు ఇళ్లలో పిల్లలు లెవెన్త్ గ్రేడ్‌కి వచ్చారంటే కాలేజీ యాత్రలు మొదలవుతాయి. ముందురోజు రాత్రి పులిహోర కలిపి డబ్బాలో పెట్టడం, తెల్లారకుండానే కారెక్కడం, వెనక సీట్లో పిల్ల చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకుని నిద్రపోవడం. మాదీ అదే ఇల్లు. కాకపోతే నాకు ప్రైవేట్ పైలట్ లైసెన్స్ ఉంది, క్లబ్బులో అందరం పంచుకునే ఒక సెస్నా 172 ఉంది. ఇండియాలో చుట్టాలకు చెబితే సొంత విమానం అనుకుంటారు. గంటల లెక్కన అద్దె కట్టి, తిరిగొచ్చాక రెక్కల మీది పురుగుల మరకలు మనమే తుడవాల్సిన విమానం అది.

లైసెన్స్ ఉండీ "మన అమ్మాయిని కాలేజీకి ఇందులోనే తీసుకెళ్తే?" అని ఆలోచిస్తున్న అమ్మానాన్నల కోసం ఇది రాస్తున్నాను. లైసెన్స్ లేకపోతే ఈ ఏడాదికి మాత్రం వదిలేయండి. రూల్ ప్రకారం కనీసం 40 గంటలు ఎగరాలి, చాలామందికి అంతకంటే బాగా ఎక్కువే పడుతుంది. లైసెన్స్ ఉన్న స్నేహితుడు తీసుకెళ్తానంటే ఖర్చులో మీ వంతు ఇవ్వవచ్చు. తన వంతు తను పెట్టుకోవాల్సిందే, మీ దగ్గర లాభం తీసుకోకూడదు.

ముందు లెక్క చూసుకోండి

ఒక్క కాలేజీ కోసమైతే విమానం దండగ. మేముండే నేపర్‌విల్ నుంచి పర్డ్యూకి కారులో దాదాపు రెండున్నర గంటలు. విమానంలో గాలిలో ఉండేది గంటే, కానీ అరోరా ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లడం, విమానాన్ని చెక్ చేయడం, దిగాక కట్టేయడం అన్నీ కలిపితే అదే రెండున్నర అవుతుంది. పైగా ఖర్చు కారు పెట్రోలుకి ఎన్నో రెట్లు.

రెండు కాలేజీలు కలిపినప్పుడే కాస్త కలిసొస్తుంది. అరోరా నుంచి పర్డ్యూ ఉన్న లఫాయెట్‌కి సుమారు 107 నాటికల్ మైళ్లు, అక్కణ్నుంచి ఇల్లినాయ్ యూనివర్సిటీ ఉన్న షాంపేన్‌కి 65, తిరిగి అరోరాకి 104. సెస్నా 172లో మొత్తం మూడు గంటల లోపే. కారులో అదే త్రికోణం ఆరున్నర గంటల డ్రైవింగ్. ఎయిర్‌పోర్టుల్లో పోయే టైమ్ తీసేస్తే మిగిలేది గంటన్నరో రెండో. దానికోసమే అయితే నేను ఈ పని పెట్టుకోను. ఎందుకు పెట్టుకుంటానో గాలిలోకి వెళ్లాక చెబుతాను.

ఈ రెండు కాలేజీలే ఎందుకంటే, రెంటికీ సొంత ఎయిర్‌పోర్టులున్నాయి. పర్డ్యూది క్యాంపస్‌ని ఆనుకునే ఉంటుంది. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయానికి సొంతమైన మొదటి ఎయిర్‌పోర్ట్ అదేనని చెబుతారు. పేరున్న పైలట్ అమీలియా ఇయర్‌హార్ట్ 1935 నుంచి పర్డ్యూలో అమ్మాయిలకు కెరీర్ సలహాదారుగా పనిచేసింది. 1937లో ఆమె ఏ లాక్‌హీడ్ ఎలక్ట్రాతో పసిఫిక్ మీద కనిపించకుండా పోయిందో, ఆ విమానం కొనడానికి డబ్బు సమకూరిందీ పర్డ్యూ ద్వారానే. ఇల్లినాయ్ వాళ్ల విల్లర్డ్ ఎయిర్‌పోర్ట్ క్యాంపస్‌కి కొన్ని మైళ్ల దూరంలో, సవోయ్‌లో ఉంది. మీరు వేరే రాష్ట్రంలో ఉంటే పెన్ స్టేట్, ఒహాయో స్టేట్, టెక్సస్ ఏ అండ్ ఎం క్యాంపస్‌లకు దగ్గర్లో కూడా ఇలాంటి ఎయిర్‌పోర్టులున్నాయి.

తేదీ ఖాయం చేసేటప్పుడు

క్యాంపస్ టూర్ స్లాట్లు వాళ్ల వెబ్‌సైట్‌లో ముందే బుక్ చేసుకోవాలి. స్కూలుకి సెలవుండి కాలేజీ నడిచే రోజు చూసుకోండి. ఏప్రిల్, మే, సెప్టెంబర్, అక్టోబర్ నెలలు మంచివి. నవంబర్ నుంచి మార్చి దాకా ఇక్కడి మబ్బుల్లోకి వెళ్తే రెక్కల మీద మంచు పేరుకుంటుంది. మన సెస్నాకి దాన్ని వదిలించుకునే ఏర్పాటు లేదు.

ఫుట్‌బాల్ ఉన్న శనివారాలు వద్దు. 30,000 మంది పట్టే స్టేడియంలో పెద్ద కాలేజీ మ్యాచ్ ఉంటే, మొదలవడానికి గంట ముందు నుంచి అయిపోయాక గంట దాకా, మూడు నాటికల్ మైళ్ల చుట్టూ, నేల నుంచి 3,000 అడుగుల ఎత్తు వరకూ ఆ గగనతలం మూసేస్తారు. పర్డ్యూ రాస్-ఏడ్ స్టేడియం ఎయిర్‌పోర్ట్‌కి రెండు మైళ్ల లోపే ఉంది. టవర్ అనుమతితో దిగే వీలుంది కానీ, పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఆ టెన్షన్ ఎందుకు?

ఇక అసలు మెలిక టైమ్. లఫాయెట్‌ది ఈస్టర్న్ టైమ్; షాంపేన్, షికాగోలది సెంట్రల్ టైమ్. వాతావరణ సూచనలేమో జులూ టైమ్‌లో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీలో ఉంటాయి. ఏప్రిల్‌లో 1300 జులూ అంటే మన ఇంట్లో ఉదయం 8, పర్డ్యూలో 9. నేను ఒక కాగితం మీద మూడు నిలువు గీతలు గీసి మూడు టైములూ పక్కపక్కన రాసుకుంటాను. మా ప్లాన్ ఇలా ఉండేది: పర్డ్యూలో టూర్ వాళ్ల టైమ్ 10కి, అంటే మనకు 9. అరోరా నుంచి 7కి బయల్దేరాలి. పర్డ్యూలో వాళ్ల టైమ్ 12:30కి అయిపోతుంది. మధ్యాహ్నం 1:15కి అక్కడ ఎగిరితే షాంపేన్‌లో 1:00కి దిగుతాం. మా అమ్మాయి ఆ కాగితం చూసి, "నాన్నా, బయల్దేరకముందే వెళ్లిపోతున్నాం" అంది. షాంపేన్‌లో టూర్ 2కి.

కారు గడియారం

ఇంకేం చదవకపోయినా ఇది చదవండి. చిన్న విమానాల్లో ఏ ప్రయాణమైనా ప్రమాదంగా మారేది "ఎలాగైనా చేరాలి" అన్నప్పుడు. కాలేజీ టూర్‌కి ఆ గుణం నిండా ఉంది: స్లాట్ దొరకడమే కష్టం, పిల్ల భవిష్యత్తు అనే బరువు, ఆఫీసులో పెట్టిన సెలవు. వాతావరణం అటూఇటూగా ఉన్నప్పుడు ఇవన్నీ చెవిలో "ఏం కాదులే, పద" అంటాయి.

దీనికి నేను కనిపెట్టుకున్న మందు: టూర్ టైములు కారుకి సరిపోయేలా బుక్ చేయడం. పైన చెప్పిన ప్లాన్ మళ్లీ చూడండి. పర్డ్యూ 9కి, కారులో ఇంట్లోంచి 6:15కి బయల్దేరితే చాలు. పర్డ్యూ నుంచి షాంపేన్ కారులో గంటా నలభై ఐదు నిమిషాలు, 11:30కి బయల్దేరితే 2 గంటల టూర్ అందుతుంది. అంటే విమానం లేకపోయినా ఆ రోజు ఆగదు. కాబట్టి ఉదయం 5:45కి వంటింట్లో కాఫీ తాగుతూ నిర్ణయం తీసుకుంటాను. అప్పటికి ఆకాశం నా లెక్కకు తూగకపోతే కారు తాళాలు తీసుకోవడమే. ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లి చూద్దాం అనుకోవద్దు. అక్కడికి వెళ్లాక ఎగరబుద్ధే పుడుతుంది.

నా లెక్క: మబ్బుల కింది అంచు 3,000 అడుగుల పైన, చూపు 6 మైళ్ల పైన, రన్‌వేకి అడ్డంగా వీచే గాలి 10 నాట్ల లోపు. చట్టం ఇంతకంటే చాలా తక్కువకే ఒప్పుకుంటుంది. అది మీరొక్కరే ఎగిరేటప్పుడు చూసుకోండి. ఈ లెక్క ముందురోజు రాత్రే కాగితం మీద రాసి అమ్మాయి చేతికిచ్చాను. పొద్దున నేను అంకెలు చదువుతుంటే తను టిక్ పెట్టింది. పదహారేళ్ల పిల్ల ముందు అంకెలు సాగదీయడం కష్టం, ఊరుకోదు.

కాగితాలు, మీ ఒళ్లు

మనుషుల్ని ఎక్కించుకోవాలంటే గత 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు ఉండాలి. చీకటిపడ్డాక తిరిగొచ్చే అవకాశముంటే రాత్రివి విడిగా మూడు, అవి పూర్తిగా ఆగే ల్యాండింగ్‌లు కావాలి. ఫ్లైట్ రివ్యూ, అంటే ఇన్‌స్ట్రక్టర్‌తో చేసే పునఃపరిశీలన, గత 24 నెలల్లో అయ్యుండాలి. నలభై దాటినవాళ్లకు థర్డ్ క్లాస్ మెడికల్ (పైలట్ ఆరోగ్య పత్రం) రెండేళ్లకే అయిపోతుంది, తేదీ చూసుకోండి. రూల్ ఎలా ఉన్నా, వారం ముందు ఒక్కరే ఎగిరి రండి. వీలైతే లఫాయెట్ దాకా వెళ్లి దిగి చూడండి. ఎక్కడ తిరగాలో, బండి ఎక్కడ ఆపాలో తెలిసుంటే ఆ రోజు సగం భారం తగ్గుతుంది.

బరువు

మనవాళ్లకు ఇక్కడే చిక్కు. మా క్లబ్బు 172 ఎస్ గరిష్ఠంగా 2,550 పౌండ్లతో లేవగలదు. ఖాళీ బరువు దాదాపు 1,690. మిగిలేది 860. ట్యాంకుల నిండా వాడుకోదగ్గ పెట్రోలు 53 గ్యాలన్లు, గ్యాలన్‌కి 6 పౌండ్ల చొప్పున 318. ఇక మనుషులకీ సామానుకీ 542. నేను 180, మా ఆవిడ 145, అమ్మాయి 125, సంచులు 40. మొత్తం 490, హాయిగా సరిపోయింది. "నేనూ వస్తా" అని 150 పౌండ్ల తమ్ముడు తయారయ్యాడనుకోండి, 640 అవుతుంది. అప్పుడు 17 గ్యాలన్లు తగ్గించి 36తో బయల్దేరాలి. గంటకు తొమ్మిది పది గ్యాలన్లు తాగే ఇంజిన్‌కి అది మూడున్నర గంటల పైనే, గంటేసి ప్రయాణాలకు ధారాళం. దిగిన చోట మళ్లీ పోయించుకోవచ్చు. పగటిపూట అరగంట రిజర్వ్ ఉంటే చట్టానికి చాలు, నాకు గంట కావాలి.

బరువులు అడిగేటప్పుడు మొహమాటం వద్దు. అందరూ ఐదు తగ్గించే చెబుతారు. బాత్రూమ్ స్కేలు హాల్లోకి తెచ్చి, బట్టలు, బూట్లు, బ్యాగుతో సహా ఎక్కించండి. ఎంత ఉన్నారన్నదే కాదు, ఎవరు ఎక్కడ కూర్చున్నారన్నది కూడా లెక్కే. బరువు విమానంలో ఎక్కడెక్కడ పడుతుందో చెప్పే వెయిట్ అండ్ బ్యాలెన్స్ లెక్క కూడా వేసి చూడండి.

పొద్దున, విమానం దగ్గర

పెట్రోలు చెక్ చేసే పని అమ్మాయికి అప్పగించండి. రెక్క కింద చిన్న వాల్వుకి గాజులాంటి పారదర్శకమైన కప్పు పెట్టి నొక్కితే కొంచెం పెట్రోలు వస్తుంది. దాన్ని ఆకాశం వైపు పట్టి చూడాలి. లేత నీలంగా ఉండాలి. నీళ్లు కలిస్తే అడుగున గోళీలా వేరుగా నిలబడతాయి. మా అమ్మాయి మొదటిసారి ఆ కప్పుని ఎండకి పట్టుకుని, ఒక కన్ను మూసి, అచ్చం కెమిస్ట్రీ ల్యాబ్‌లోలా చూసింది. వెనక సీట్లో కూర్చోబోయే వాళ్లమ్మ టెన్షన్ కూడా అది చూశాకే కొంచెం తగ్గింది.

తర్వాత బెల్టు, తలుపు, అగ్నిమాపక డబ్బా ఎక్కడుందో చూపించండి. 172కి రెండే తలుపులు, వెనక కూర్చున్నవాళ్లు ముందు సీటు జరిపి బయటికి రావాలి. అది మాటల్లో చెప్పి ఊరుకోకుండా ఒకసారి చేయించండి. తలుపు గాలిలో తెరుచుకుంటే చప్పుడవుతుందే తప్ప విమానం పడిపోదని ముందే చెప్పండి. ఇంజిన్ ఆగితే ఏం చేస్తానో కూడా రెండు వాక్యాల్లో చెప్పేస్తాను: "పొలం చూసుకుని దింపుతాను, నువ్వు తలుపు గడియ తీసి ఉంచు." ఇవన్నీ చెబితే పిల్లలు భయపడతారేమో అనుకుంటాం. మా అమ్మాయి "ఓకే" అని హెడ్‌సెట్ పెట్టుకుంది. చలికాలమైతే కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ తప్పకుండా ఉండాలి. ఈ విమానాల్లో హీటర్ వేడి సైలెన్సర్ చుట్టూ తిరిగే గాలి నుంచే వస్తుంది.

నేను అరచెయ్యి పైకెత్తితే ఎవరూ మాట్లాడకూడదు. ఇది మా ఒప్పందం. టేకాఫ్, ల్యాండింగ్ అప్పుడు ఎలాగూ మౌనమే.

కడుపు సంగతి. దోసెలు, వడలు తిని బయల్దేరొద్దు. రెండు ఇడ్లీలు చాలు. వాంతి సంచులు చేతికందే చోట ఉంచండి, జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లయినా ఫర్వాలేదు. గాలిలో బ్రోషర్లు, ఫోన్లు చదవొద్దు, దూరంగా దిగంతాన్ని చూడమనండి. అల్లం మురబ్బా మావాళ్లకు పనిచేసింది. నిద్రమత్తు తెచ్చే వాంతుల మందులు ప్రయాణికులకే, పైలట్‌కి కాదు. విమానంలో బాత్రూమ్ లేదని మూడుసార్లు గుర్తుచేయండి. మూడోసారికే వింటారు.

గాలిలో

బయల్దేరగానే రేడియోలో కంట్రోలర్‌ని ఫ్లైట్ ఫాలోయింగ్ అడగండి. రాడార్ మీద ఇంకొక జత కళ్లు మనకోసం చూస్తుంటాయి. షికాగో పెద్ద ఎయిర్‌పోర్ట్ ఓహేర్ చుట్టూ ఉన్న క్లాస్ బి గగనతలంలోకి అనుమతి లేకుండా వెళ్లకూడదు కాబట్టి నేను దక్షిణానికి తిరిగాకే ఎత్తు పెంచుతాను. ఆగ్నేయంగా వెళ్లేటప్పుడు 3,500 లేదా 5,500 అడుగులు, పడమరగా షాంపేన్‌కి 4,500. పొద్దున గాలి నూనెలా నిలకడగా ఉంటుంది. మధ్యాహ్నం దున్నిన నేలలు వేడెక్కి కుదుపులు మొదలవుతాయి, అప్పుడు పై ఎత్తే నయం.

అమ్మాయికి ఒక పని ఇవ్వండి: వేరే విమానాలు వెతకడం. ముక్కు 12 గంటలు, కుడి రెక్క 3 గంటలు. "నాన్నా, 2 గంటల వైపు, మనకంటే కింద" అని తనే ముందు పట్టేస్తుంది. కంకకీ నది దాటాక నేల చదరంగం బల్లలా అయిపోతుంది, మైలుకో రోడ్డు. ఫౌలర్ దగ్గర గాలిమరలు వరసలు వరసలుగా తిరుగుతుంటాయి. వాటి నీడలు పొలాల మీద గడియారం ముల్లులా కదులుతాయి. అవి కనిపించాయంటే లఫాయెట్ దగ్గరపడ్డట్టే. వబాష్ నది, దాని పక్కన స్టేడియం, ఇటు రన్‌వేలు.

హెడ్‌సెట్‌లో తెలుగు మాట్లాడుకోవచ్చు, రేడియోలో ఇంగ్లిష్. ఈ రెంటికీ మధ్య ఉన్నది స్టీరింగ్ మీది ఒక చిన్న బటన్. ఒకసారి నా వేలు దాని మీదే ఉండిపోయింది. చేగోడీల డబ్బా ఎక్కడ పెట్టారన్న చర్చ మొత్తం ఫ్రీక్వెన్సీకి వినిపించింది. వేలు తీశాక కంట్రోలర్ చాలా మర్యాదగా, ఎవరి మైకో ఇరుక్కుపోయింది, చూసుకోండి అన్నాడు.

ఇక కారణం చెబుతానన్నాను కదా. కారులో మా అమ్మాయి వెనక పడుకుంటుంది. ఇక్కడ కుడి సీట్లో, భుజం భుజం తగిలేంత దగ్గరగా కూర్చుంటుంది. ఇద్దరమూ ముందుకే చూస్తుంటాం, ఎవరి మొహం ఎవరికీ కనిపించదు. గొంతు మాత్రం నేరుగా చెవిలో. డాన్విల్ దాటుతుండగా, నేనేం అడక్కుండానే, "నాన్నా, కంప్యూటర్ సైన్స్ నాకు నిజంగా ఇష్టమో, అందరూ తీసుకుంటున్నారని ఇష్టమో తెలీట్లేదు" అంది. మా ఇంటి డైనింగ్ టేబుల్ దగ్గర ఆ మాట వచ్చేది కాదు. నేనేదో అనబోయేలోపు రేడియోలో షాంపేన్ అప్రోచ్ కంట్రోల్ పిలిచింది, చెయ్యెత్తాను. ఆ నిమిషం ఆగడం మంచిదే అయింది. లేకపోతే లెక్చర్ మొదలుపెట్టేవాణ్ని.

అందుకే ఒక సలహా: శాట్ స్కోర్లు, ఫీజులు గాలిలో ఎత్తొద్దు. అది దూకి పారిపోలేని గది.

దిగిన చోట

ముందురోజే అక్కడి ఎఫ్‌బీఓకి, అంటే చిన్న విమానాలకు పెట్రోలు పోసి పార్కింగ్ చూసుకునే ఆఫీసుకి ఫోన్ చేయండి. మూడు విషయాలు అడగాలి: పార్కింగ్ ఫీజెంత, పెట్రోలు పోయించుకుంటే మాఫీ అవుతుందా, కాసేపు వాడుకోవడానికి క్రూ కారు ఇస్తారా. చాలాచోట్ల ఇస్తారు, కానీ గంటో రెండు గంటలో, అదీ ఖాళీగా ఉంటేనే. టూర్‌కి అది సరిపోదు, ట్యాక్సీ యాప్‌కి సిద్ధపడండి. తాళ్లు మీవి తీసుకెళ్లండి. వీఎఫ్‌ఆర్ (కంటిచూపుతో ఎగిరే) ఫ్లైట్ ప్లాన్ వేసుంటే దిగగానే మూసేయండి. చెప్పిన టైమ్ దాటి అరగంటకల్లా మీ కోసం వాకబు మొదలవుతుంది.

పర్డ్యూలో టూర్ తర్వాత పది నిమిషాలుంటే నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ హాల్ ముందుకి వెళ్లండి. 1955లో ఇక్కడే ఏరోనాటికల్ ఇంజినీరింగ్ పూర్తిచేసిన ఆయన, కుర్రాడిగా కూర్చున్న విగ్రహం అక్కడుంది. ఇల్లినాయ్‌లో మారో ప్లాట్స్ చూడండి. 1876 నుంచి మొక్కజొన్న మీద ప్రయోగాలు చేస్తున్న పొలం చెక్క. పక్కన కట్టిన ఒకప్పటి అండర్‌గ్రాడ్యుయేట్ లైబ్రరీ నీడ ఆ పంట మీద పడకూడదని దాన్ని నేల కింద కట్టారని చెబుతారు. గుంటూరు జిల్లా రైతు మనవరాలు ఆ మొక్కజొన్న దగ్గర ఆగినంతసేపు ఇంకెక్కడా ఆగలేదు.

తిరుగు ప్రయాణం

పొద్దున్నే కంటే ఇప్పుడే జాగ్రత్త. అలసట ఉంటుంది, ఇల్లు గుర్తొస్తుంది, "గంటే కదా" అనిపిస్తుంది. వాతావరణం కొత్తగా చూడండి, పొద్దున చూసింది చెల్లదు. బ్యాగులో అందరికీ ఒక జత బట్టలు, మందులు, ఫోన్ చార్జర్ ఎప్పుడూ ఉండాలి.

అక్టోబర్‌లో అమ్మాయి, నేను రెండోసారి షాంపేన్ వెళ్లాం. టూర్ అయ్యేసరికి ఉత్తరాన మబ్బులు కిందికి దిగిపోయాయి, అరోరా వైపు 900 అడుగులు. మర్నాడు తనకు కెమిస్ట్రీ టెస్టు. ఎఫ్‌బీఓ సోఫాలో కూర్చుని అరగంట తెర వైపే చూశాను, మారలేదు. అమ్మాయి బ్యాగులోంచి మా కాగితం తీసి, మూడు వేల దగ్గర గోరుతో గీత గీసి, నా ముందు పెట్టి, మళ్లీ ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టింది.

విమానాన్ని గట్టిగా కట్టేసి, కవర్ కప్పి, క్లబ్బుకి ఫోన్ చేసి చెప్పాం. ఊళ్లో ఇల్లినాయ్ టెర్మినల్ స్టేషన్ నుంచి సాయంత్రం షికాగోకి ఆమ్‌ట్రాక్ రైలుంది. యూనియన్ స్టేషన్‌లో మెట్రా లోకల్ రైలు పట్టుకుని నేపర్‌విల్‌లో దిగాం. రైల్లో తను మోలారిటీ లెక్కలు చేసుకుంది, నేను మిగిలిన పులిహోర తిన్నాను. విమానం తెచ్చుకోవడానికి ఆ తర్వాతి ఆదివారం అదే రైలెక్కాను. పార్కింగ్ ఫీజు, రైలు టికెట్లు, క్లబ్బువాళ్ల సణుగుడు, అన్నీ కలిపి కొంత చేతి చమురు వదిలింది. బయల్దేరే ముందే ఆ డబ్బు ట్రిప్పు ఖర్చులో రాసి పెట్టుకోండి. అప్పుడు సోఫాలో అరగంట కూర్చోవాల్సిన పని ఉండదు.